రెండో గూడు

రాజమండ్రి కంటి ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాం. జొన్నాడ దగ్గర గోదావరి వంతెన ఎక్కగానే మావారు శ్యామ్ సుందర్ కారు కాస్త నెమ్మది చేసి, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"అమ్మా, చుక్కలు మానకుండా వేసుకుంటే మెల్లగా చూపొచ్చేస్తుందన్నారమ్మా డాక్టరుగారు."

"ఆయ్, అలాగా నాన్నా. దేవుడికి స్తోత్రం" అన్నారు నా పక్కన ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న మా అత్తయ్యగారు.

డాక్టరుగారు అలా అనలేదు. ఆయన గదిలో ఉన్నది మేమిద్దరమే, అత్తయ్యగారు బయట బెంచీ మీద ఉన్నారు. "నీటికాసులమ్మా ఇవి. కంటినరం ఎండిపోయింది. పోయిన చూపు ఇంక తిరిగి రాదు. చుక్కలు నొప్పి రాకుండా ఉండటానికే" అన్నారాయన. కారు అద్దంలో మావారి కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను కిటికీలోంచి ఏట్లోకి చూస్తూ ఉండిపోయేను.

మా అత్తయ్యగారి పేరు దానమ్మ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకటో తరగతి పిల్లలకే చెప్పేరు. పెద్ద తరగతులు ఇస్తామన్నా వద్దన్నారు. అల్లవరం రోడ్డులో కాలవ గట్టు మీదున్న మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళలో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. అలాంటి మనిషి ఆసుపత్రి నుంచి వచ్చి తన గదిలో మంచమెక్కేరు. వెలుతురుందో లేదో తెలుస్తుంది, అంతకుమించి ఏమీ కనపడదు. స్నానానికీ భోజనానికీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వస్తారు, మళ్ళీ తీసుకొచ్చి దింపితే పడుకుంటారు. అన్నం రెండు ముద్దలు కెలికి వదిలేస్తారు.

మట్టలాదివారం నాడు గుడికి బయల్దేరుతూ రమ్మన్నాను. "చూపొచ్చాక వస్తానమ్మా క్రిస్టీనా" అన్నారు. కర్ర కొనుక్కొస్తానంటే "చూపొచ్చాక అదెందుకు, దండగ" అన్నారు. ఆఖరికి చుట్టాలెవరో ఫోన్ చేసినా "చూపొచ్చాక మాట్లాడతానని చెప్పు" అనేవారు. మాట్లాడటానికి చూపెందుకని నేను అడగలేకపోయేను.

మా అమ్మాయి అక్షయకి అప్పుడు ఐదు నిండి ఆరో ఏడు. ఒకరోజు సాయంత్రం అది మామ్మ మంచం ఎక్కి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి గట్టిగా అరిచింది.

"మామ్మా, నీ నిమ్మచెట్టులో ఒక పిట్ట చీపురుపుల్ల పెడుతోంది!"

ఆ గది కిటికీకి ఆనుకుని ఒక గుబురు నిమ్మచెట్టు ఉంది. కిటికీ తెరిస్తే కొమ్మలు లోపలికి వచ్చేస్తాయి.

"ఏ పిట్టే?" గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరిగేరు.

"నాకు తెలీదు. నల్ల తలకాయి. నెత్తి మీద జుట్టు లేచిపోయింది, నాన్న నిద్రలేచినప్పట్లా. తోక కింద ఎర్రగా ఉంది."

"పికిలిపిట్ట. ఒక్కటే ఉందా, ఇంకోటుందా చూడు."

"ఇంకోటి తీగ మీద కూర్చుంది. ఇదీ అదీ ఒకేలా ఉన్నాయి."

"ఒకేలానే ఉంటాయి. అమ్మ ఎవరో నాన్న ఎవరో వాటికి తప్ప ఎవరికీ తెలీదు. చెయ్యి బయట పెట్టకు. గట్టిగా అరవకు. మనం చూస్తున్నామని తెలిస్తే వేరేచోటికి పోతాయి."

అక్షయ గొంతు అమాంతం గుసగుసలోకి దిగిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

అది పొద్దున్న లేస్తూనే పళ్ళు కూడా తోముకోకుండా మామ్మ గదిలోకి పరిగెత్తేది. పిట్ట ఏం తెచ్చిందో, ఎక్కడ పెట్టిందో ఒక్కటీ వదలకుండా చెప్పేది. ఎండుగడ్డి తెచ్చిందని, వేళ్ళు తెచ్చిందని, నా దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకలు బయట పారేస్తే అవీ పట్టుకుపోయిందని. ఒకరోజు "ఏమీ తేలేదు మామ్మా, ఉత్తి ముక్కుతో వచ్చి గూటికి రాస్తోంది" అంది.

"ఉత్తి ముక్కు కాదే. సాలెగూడు తెచ్చి ఉంటుంది. అదే దానికి జిగురు. దాంతోనే పుల్లల్ని కొమ్మకి కట్టేస్తుంది."

"సరిగ్గా చూస్తాను" అంది అక్షయ. మర్నాడు, నిజమే మామ్మా, ముక్కుకి దారాల్లాంటివి వేలాడుతున్నాయి అని చెప్పింది. అత్తయ్యగారి మొహం వెలిగింది. ఆసుపత్రి నుంచి వచ్చేక ఆ మొహంలో అలాంటి మార్పు చూడటం నాకదే మొదలు.

గూడు చిన్న టీకప్పంత అయింది. ఒక పొద్దున్న తల్లిపిట్ట లేచి వెళ్ళినప్పుడు అక్షయ మంచం పట్టె మీద నిలబడి తొంగి చూసి, గుసగుసగా చెప్పింది.

"గుడ్డు! లేత గులాబీ రంగు. దాని మీద ఎర్రటి చుక్కలు, ఎవరో కుంకుడుకాయ రంగు కుంచె విదిలించినట్టు."

మర్నాడు రెండు. ఆ మర్నాడు మూడు. ఇంక పిట్ట లేవదు, పొదుగుతుంది, రోజూ రెండుసార్ల కంటే ఎక్కువ తొంగి చూడకు అని మామ్మ ఆంక్ష పెట్టేరు. పిట్ట కూర్చున్నంతసేపూ అక్షయ కూర్చునేది. మామ్మ భోజనం కూడా కిటికీ దగ్గరికే వచ్చింది. "అది తినడానికి వెళ్ళింది, నువ్వూ తిను మామ్మా" అనేది అక్షయ. ఆవిడ తినేవారు. కంచం ఖాళీ అయ్యేది. వంటింట్లో ఆ కంచం కడుగుతూ ఆ పిట్టకి ఎన్నిసార్లు మనసులో దణ్ణం పెట్టుకున్నానో.

గుడ్లు పిల్లలయ్యేసరికి ఏప్రిల్ సగం దాటింది. నేను అమలాపురంలో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. సెలవులిచ్చేరు కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను.

"ఏమీ బాగోలేవు మామ్మా" అంది అక్షయ దిగులుగా. "ఈకల్లేవు. కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఒట్టి నోళ్ళే."

"పుట్టినప్పుడు నువ్వూ అంతే బాగున్నావు" అన్నారు అత్తయ్యగారు. "కళ్ళు లేవు కదా, మరి అమ్మ వచ్చిందని వాటికెలా తెలుస్తోందో చూసి చెప్పు."

అక్షయ చాలాసేపు చూసింది. "కొమ్మ ఊగగానే నోళ్ళు తెరుస్తున్నాయి! నేను కిటికీ కదిపినా తెరిచేస్తున్నాయి, నేనే అమ్మననుకుని."

"మరి కదపకు. పాపం, ఆశపెట్టి ఏమీ పెట్టకపోతే ఎలా?"

నేను ఆ మాటకి గుమ్మంలోనే ఆగిపోయేను.

పిల్లలకి కళ్ళు తెరుచుకున్నాయి. రెక్కల మీద పుల్లల్లాంటివి మొలిచేయి, వాటి చివర్ల ఈకలు విచ్చుకోవడం మొదలైంది. పెద్దపిట్టలు గొంగళ్ళూ మిడతలూ తెచ్చి పెడుతున్నాయి. పిల్లలు రెట్ట వేస్తే తెల్లటి సంచీలాగా వస్తోందని, దాన్ని తల్లి నోటితో పట్టుకుని దూరంగా పడేసి వస్తోందని అక్షయ చెప్పినప్పుడు మామ్మా మనవరాలూ పడీపడీ నవ్వుకున్నారు. చేపలమ్మే రాజ్యం ఆ నవ్వు విని గేటు దగ్గర బుట్ట దించి లోపలికొచ్చింది. రాజ్యం ఒకప్పుడు అత్తయ్యగారి దగ్గరే ఒకటో తరగతి చదివింది.

"ఏంటండీ టీచరుగారండీ, లేచి కూర్చున్నారు! కళ్ళు బాగున్నాయాండీ?"

"బాగవుతున్నాయే రాజ్యం. ఈ పిల్లలు ఎగిరేనాటికి నాకూ చూపొచ్చేస్తుందనిపిస్తోంది. ఎగరడం నేనే చూస్తాను."

రాజ్యం నావైపు తిరిగింది. నా మొహంలో ఏం కనపడిందో, ఇంకేమీ అడక్కుండా "సందువాలొచ్చేయండీ, తాజాగా ఉన్నాయి" అంటూ బయటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కాలవ మెట్ల మీద కూర్చుని మావారితో అన్నాను.

"చెప్పేద్దామండీ."

"చెప్తే ఏమైపోతుందో తెలుసా నీకు? ఇప్పుడు ఆశ మీదే నాలుగు మెతుకులు తింటోంది."

"తింటున్నది ఆశ మీద కాదండీ, ఆ పిట్టల మీద. ఆశ ఆవిణ్ణి మంచం దిగనివ్వట్లేదు. రేపొస్తుంది ఎల్లుండొస్తుందని కూర్చున్నారు."

ఆయన నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు. "నువ్వన్నది నిజమే. కానీ నా నోటితో అనలేను క్రిస్టీనా. కొన్నాళ్ళాగుదాం" అని కండువాతో మొహం తుడుచుకున్నారు. మనిషి ఏడుస్తుంటే ఇంకేం అంటాను?

శనివారం పొద్దున్న ఆయన అత్తయ్యగారిని అమలాపురంలో కంటి ఒత్తిడి చూపించడానికి తీసుకెళ్ళేరు. నేను వాకిట్లో చాప పరిచి మాగాయ ముక్కలు ఎండబెడుతున్నాను. నిమ్మచెట్టు దగ్గర పికిలిపిట్టలు ఒక్కసారిగా గొంతు చించుకోవడం మొదలుపెట్టేయి. మామూలు కూత కాదు. నేను పరిగెత్తేసరికి గుబురులో నల్లటి ఒళ్ళూ ఇటుకరంగు రెక్కలూ కనపడ్డాయి. జెముడుకాకి. పికిలిపిట్టలు రెండూ దాని నెత్తిన పొడుస్తున్నాయి, అది పట్టించుకోవడంలేదు. చేతిలో ఉన్న పళ్ళెం విసిరేను. అది బరువుగా రెక్కలు కొట్టుకుంటూ గోడ మీదకి దూకింది. దాని ముక్కులో ఆఖరి పిల్ల ఉంది.

గూడు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. తిరిగి చూస్తే అక్షయ గుమ్మంలో నిలబడి ఉంది.

"అన్నీ తినేసిందామ్మా?"

"అవునమ్మా."

అది ఏడవలేదు. పెద్దపిట్టలు ఖాళీ గూటి చుట్టూ తిరుగుతుంటే చూస్తూ నిలబడింది. ఒకదాని ముక్కులో ఇంకా గొంగళి ఉంది.

"మామ్మకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాన్లే. నువ్వు లోపలికి పద."

కానీ కారు గేటులోకి రాగానే అక్షయ నాకంటే ముందు పరిగెత్తింది. అత్తయ్యగారు కాలు కిందపెట్టకుండానే ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"మామ్మా! మన పిల్లలు ఎగిరిపోయేయి!"

ఆవిడ ఆగేరు. "ఎగిరిపోయేయా? అన్నీనా?"

"అన్నీ. ముందు పెద్దది ఎగిరింది. తర్వాత రెండోది. చిన్నది భయపడింది, వాళ్ళమ్మ పిలిస్తే అదీ వెళ్ళిపోయింది. గోడ దాటి, కాలవ కూడా దాటి వెళ్ళిపోయేయి."

ఎంత బాగా చెప్పిందంటే, నా కళ్ళముందే అలా జరిగిందేమో అనిపించింది. మావారు సంతోషంగా "అబ్బో" అన్నారు. నేను వెళ్ళి కారు తలుపు వేసేను.

"మంచిది తల్లీ" అన్నారు అత్తయ్యగారు. లోపలికొచ్చి, చెయ్యి కడిగించుకుని, వడ్డించిన అన్నమంతా తినేరు. అక్షయ ఎదురుగా కూర్చుని ఒక్కో ముద్దా లోపలికి వెళ్ళేదాకా చూసింది.

పొద్దు వాలుతుండగా నన్ను పిలిచేరు. కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. మావారు అక్షయని తీసుకుని బయటికెళ్ళేరు.

"ఎవరెత్తుకుపోయేరు, క్రిస్టీనా?"

నేను తలుపు చెక్క పట్టుకున్నాను. "జెముడుకాకండీ."

"ఊఁ. తోక ఈకలు ఇంకా రాలేదని నిన్ననే కదా చెప్పింది. కాలవ దాటిందనగానే తెలిసిపోయింది." చేత్తో కిటికీ చువ్వ తడిమేరు. "ఎంత ముచ్చటగా చెప్పిందో విన్నావా? చిన్నది భయపడిందట. వాళ్ళమ్మ పిలిచిందట. అంతా నాకోసమే అల్లింది."

"చిన్నపిల్లండీ. మీరు బాధపడతారని..."

"అదే అంటున్నాను. బాధపడే మనిషికి అలా చెప్పాలని ఎక్కడ నేర్చుకుందంటావు?"

కాలవ మీద ఎవరిదో పడవ వెళ్ళింది. తెడ్డు చప్పుడు మెల్లగా దూరమైంది.

"నా కళ్ళు రావు కదూ?"

"రావు అత్తయ్యగారూ."

"డాక్టరుగారు ఏమన్నారో ఆయన మాటల్లోనే చెప్పు."

చెప్పేను. నరం ఎండిపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని, చుక్కలు ఎందుకో, అన్నీ చెప్పేను. ఆవిడ పిల్లలు పాఠం అప్పజెప్తుంటే విన్నట్టు తల కాస్త వంచి విన్నారు. ఆఖర్న "ఆయ్" అన్నారు. అంతే. కిటికీ మూసెయ్యమన్నారు. మూసి వచ్చేసేను.

ఆ రాత్రి తినలేదు. మర్నాడు ఆదివారం, పొద్దుటా తినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను మావారికి జరిగింది చెప్పేను. ఆయన గదిలోకి వెళ్ళడానికి ధైర్యం చాలక వరండాలో పచార్లు చేసేరు. అక్షయ ఇడ్లీ పళ్ళెం పట్టుకుని మామ్మ గుమ్మంలో నిలబడింది. ఎంతసేపు నిలబడిందో నాకు తెలీదు, నేను చూసేసరికి ఇడ్లీ మీద పచ్చడి ఎండిపోయింది.

"అక్కడున్నది నువ్వేనా అక్షయా? ఇలా రా."

అది వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

"పిట్టపిల్లలు ఎగిరిపోలేదు కదూ?"

దానికి నిన్నటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి వచ్చేసింది. "జెముడుకాకి తినేసింది మామ్మా. మూడూ తినేసింది. అమ్మ పళ్ళెం విసిరింది కానీ తినేసింది. నువ్వు మళ్ళీ అన్నం మానేస్తావని..."

అత్తయ్యగారు దాన్ని మంచం మీదకి లాక్కున్నారు. ఆవిడా ఏడ్చేరు. చూపు పోయినందుకో, పిల్లలు పోయినందుకో, రెంటికీ కలిపో. ముసలీ పిల్లా ఇద్దరూ ఒకరి భుజంలో ఒకరు మొహం పెట్టుకుని ఏడుస్తుంటే మావారు లోపలికొచ్చి మంచం పట్టె మీద తల ఆనించి కింద కూర్చుండిపోయేరు.

"నాకు ధైర్యం చాల్లేదమ్మా."

ఆవిడ చేత్తో తడుముకుంటూ ఆయన జుట్టు పట్టుకున్నారు. "తెలుసు నాన్నా. ఇకమీదట ఎండొస్తే ఎండొచ్చిందని చెప్పు, వానొస్తే వానొచ్చిందని చెప్పు. ఏది ఎలా ఉంటే అలా. నేను చూసుకుంటాను." తర్వాత అక్షయతో "ఏదీ, ఆ ఇడ్లీ ఇలా పెట్టు" అన్నారు.

సోమవారం పొద్దున్న వంటింట్లో ఉంటే గోడకి ఏదో తగిలిన చప్పుడైంది. అత్తయ్యగారు ఒక్కరే గదిలోంచి వచ్చేసేరు. చెయ్యి గోడ మీద రాసుకుంటూ ఒక్కో అడుగే వేస్తున్నారు. కొబ్బరికాయల బస్తా కాలికి తగిలి ఆగేరు. నేను పట్టుకోబోతే "ఉండు, నన్ను తెలుసుకోనీ. ఇది బస్తా. ఇది ఇక్కడ వద్దు, తీయించెయ్" అన్నారు. నేను ఆనందం పట్టలేక "ఆయ్ అండీ, ఇప్పుడే తీయించేస్తానండీ" అని అవసరంలేనంత గట్టిగా అరిచేను.

మావారు గదిలోంచి స్నానాలగది దాకా కొబ్బరితాడు కట్టేరు. రాజ్యం వాళ్ళాయన పడవ నడిపే వెదురు గెడలోంచి ఒక ముక్క కోయించి, పట్టుకునేచోట గుడ్డ చుట్టి తెచ్చింది. "ఈ కర్ర నీళ్ళలో నానిందండీ టీచరుగారండీ, విరగమన్నా విరగదు" అంది. ఆ ఆదివారం అత్తయ్యగారు ఆ కర్రతో గుడికి వచ్చేరు. గుమ్మంలో నావైపు తిరిగి "నా చోటు ఖాళీగా ఉందా?" అని అడిగేరు. ఖాళీగానే ఉంచేరు. పాట మొదలవ్వగానే ఆవిడ గొంతు అందరికంటే ముందు లేచింది. పుస్తకం చూసి పాడేవాళ్ళం మేమంతా తర్వాత అందుకున్నాం.

మే నెల ఎండలు ముదిరేయి. ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నట్టుండి చెయ్యెత్తేరు.

"అవి మళ్ళీ వచ్చేయి. గొంతులు విను. అప్పట్లాగే మాట్లాడుకుంటున్నాయి."

అక్షయ వెళ్ళి చూసి వచ్చింది. నిజమే. అదే నిమ్మచెట్టు, ఈసారి ఇంకా లోపలికి, ముళ్ళ గుబురులో పుల్లలు పేరుస్తున్నాయి. అక్షయకి సంతోషం బదులు భయం వేసింది.

"ఇక్కడ వద్దని చెప్పు మామ్మా. జెముడుకాకి మళ్ళీ వస్తే?"

"రావచ్చు."

"అప్పుడేం చేస్తాం?"

"తోలతాం. తోలినా ఎత్తుకుపోతే, ఎత్తుకుపోయిందని నువ్వొచ్చి నాకు చెప్తావు. ఇద్దరం ఏడుస్తాం. అవి మళ్ళీ కట్టుకుంటాయి, మనం మళ్ళీ చూస్తాం."

అక్షయ ఆలోచించింది. "సరే" అంది.

మావారు పాత వల తెచ్చి చెట్టుకి కప్పుతానంటే ఆవిడ వద్దన్నారు, వలలో పిట్టలే చిక్కుకుంటాయని. దానికి బదులు వరండాలో కాపలా పెట్టేరు. సెలవులు కదా, పక్కింటి బెన్నీ, వెనకింటి దుర్గాభవాని, ఇంకా వీధిలో పిల్లలంతా చేరేవారు. జెముడుకాకి గోడ మీద వాలితే చాలు, గుంపంతా చప్పట్లు కొట్టుకుంటూ లేచేది. ఆవిడ కూర్చోబెట్టి కథ చెప్పేవారు. ఒకటో తరగతి టీచరు గొంతు ఎన్నాళ్ళకో మా ఇంట్లో మోగింది.

"అనగనగా ఒక గుడ్డు. గుడ్డులో ఎవరున్నారు?"

"పిల్ల!"

"పిల్లకి తలుపు ఎవరు తీస్తారు?"

"వాళ్ళమ్మ!" అన్నాడు బెన్నీ.

"ఎవరూ తియ్యరు. దాని ముక్కు మీద చిన్న ముల్లు ఉంటుంది. దాంతో అదే పొడుచుకుని, పొడుచుకుని, పగలగొట్టుకుని వస్తుంది. వచ్చేక అలిసిపోయి పడుకుంటుంది. వాళ్ళమ్మ సాయం చెయ్యదు, కానీ పైనే కూర్చుని వెచ్చగా ఉంచుతుంది."

"అప్పుడు జెముడుకాకి వస్తుంది" అంది అక్షయ.

పిల్లలు "వద్దు, అది చెప్పకండీ" అని గోల చేసేరు.

"వస్తుంది" అన్నారు అత్తయ్యగారు. "దానికీ గూట్లో పిల్లలుంటాయి, దానికీ ఆకలేస్తుంది. ఒక్కోసారి ఎత్తుకుపోతుంది. ఒక్కోసారి మనం చప్పట్లు కొడితే పోతుంది. అందుకే మీరిక్కడున్నారు."

దుర్గాభవాని వెంటనే లేచి గోడవైపు చూసి వచ్చి కూర్చుంది.

పిట్ట గుడ్లు మూడు పెట్టింది. ఒకటి పిల్ల అవలేదు, అలాగే ఉండిపోయింది. అక్షయ ఆ సంగతి దాచకుండా వచ్చి చెప్పింది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే. రెండు పిల్లలు పెరిగేయి. ఈకలు నిండేయి. గూడు వాటికి ఇరుకైపోయింది. రెక్కలు చాపి విదిలించుకుంటుంటే ఒకదాని మొహం మీద ఒకటి కొట్టుకుంటున్నాయని అక్షయకి ఒకటే నవ్వు.

బడి తెరవడానికి ముందు రోజు తెల్లవారుతూనే మబ్బు పట్టింది. అక్షయ "మామ్మా, ఒకటి గూట్లో లేదు, కొమ్మ మీదుంది!" అని కేకేసింది. అత్తయ్యగారు గెడకర్ర పుచ్చుకుని ఎవరి చెయ్యీ లేకుండా వాకిట్లోకి వచ్చి, చెట్టుకి కాస్త ఎడంగా నిలబడ్డారు. మావారు కుర్చీ తెచ్చి వేసేరు. ఆవిడ కూర్చోలేదు.

"ఒక్కొక్కటీ చెప్పు."

"అమ్మపిట్ట తీగ మీదుంది. నోట్లో పండు ఉంది కానీ పెట్టడంలేదు. పిలుస్తోంది. కొమ్మ మీది పిల్ల వంగుతోంది. అమ్మో... ఎగిరింది! సరిగ్గా ఎగరలేదు, పడిపోయినట్టు ఎగిరింది. గోడ మీద పడింది. ఇప్పుడు మందారంలోకి వెళ్ళింది. వాళ్ళ నాన్న దాని వెనకాలే వెళ్ళేడు."

"జెముడుకాకి?"

"లేదు. బెన్నీ వాళ్ళంతా చూస్తున్నారు."

"రెండోది?"

"గూటి అంచు మీద. అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. వెళ్ళనంటోంది."

చినుకులు మొదలయ్యేయి. ఆ ఏడు మొదటి వాన. నిమ్మాకుల వాసన లేచింది. నేను గొడుగు తేబోతే అత్తయ్యగారు అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపేరు. జుట్టు మీద చినుకులు మెరుస్తుండగా మొహం పైకెత్తి నిలబడ్డారు. తీగ మీది తల్లి పిలుస్తూనే ఉంది. రెండోది ఒకసారి రెక్కలు తెరిచి మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"వెళ్ళింది మామ్మా!" అక్షయ గాల్లోకి ఎగిరింది. "దీనికి బాగా వచ్చింది! కాలవ వైపు వెళ్తోంది, కొబ్బరిచెట్టు దగ్గరికి, ఇంకా పైకి..." అది ఆగింది. కళ్ళు చికిలించి, మునివేళ్ళ మీద లేచి, ఆకుల్లోకి వెతికింది. "ఎటెళ్ళిపోయిందో. నాకు కనపడ్డంలేదు మామ్మా."

"నాకూ కనపడ్డంలేదే" అన్నారు అత్తయ్యగారు.

మావారు గతుక్కుమన్నారు. నేనూ అంతే. ఆ తర్వాత ఆవిడ గొంతులోంచి నవ్వు రావడం విన్నాం. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక, కర్ర మీద వాలిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వేరు. అది చూసి అక్షయ, దాన్ని చూసి మేమిద్దరం, ఎందుకో తెలీకపోయినా మాతో పాటు పిల్లలంతా. అందరం వానలో తడుస్తూ వాకిట్లో నిలబడి నవ్వుతుంటే, రోడ్డు మీద ఆటోలో వెళ్ళేవాళ్ళు తలలు బయటపెట్టి మరీ చూసేరు.